నిద్ర సూది

పాత పట్టుచీర చించడం తేలిక కాదు. నూలుచీరైతే అంచు దగ్గర కాస్త కత్తిరించి లాగితే సర్రున చిరిగిపోతుంది. పట్టు అట్లా పోదు, పోగు పోగూ మొండికేస్తుంది. దాసమ్మ ఒక కొసను కాలి బొటనవేలి కింద తొక్కిపట్టి, బెత్తెడు వెడల్పున నాలుగు పేలికలు చించేసరికి ఆమె నొసట చెమట పట్టింది.

"అంత మంచి చీర చించుతాండావు కదమ్మే! పిల్లోనికి పొత్తిగుడ్డలకేనా?" అంది అనసూయమ్మ, వరండా గోడకు వీపు ఆనించి కూర్చుని.

"ఊఁ" అంది దాసమ్మ తలెత్తకుండా.

పొత్తిగుడ్డలకు కాదు, మణికట్లకు. నిద్ర సూది వేసిన ఆడమనిషి నొప్పి వచ్చినప్పుడు మంచం మీద ఉండదు. గోడ గీరుతుంది, తల కొట్టుకుంటుంది. చేతులు రెండూ మంచం కోళ్లకు కట్టక తప్పదు. మొదట్లో గాజుగుడ్డతోనే కట్టేవాళ్లు. ఒక కంట్రాక్టరు భార్య ఇంటికి పోయాక మణికట్ల మీద నల్లటి వాతలు మొగునికి చూపించి, ఇవెట్లా వచ్చాయో నాకు తెలియదంది. ఆయన వచ్చి ఆసుపత్రి ముందర నిలబడి అరిచిపోయాడు. ఆనాటి నుంచి కాన్పుకొచ్చే ప్రతి ఇంటివాళ్లనూ ఒక పాత పట్టుగుడ్డ తెమ్మంటుంది డాక్టరమ్మ. ఎందుకో చెప్పదు. పట్టు వాత పడనివ్వదు.

హిందూపురంలో రైలుకట్టకు అవతల, పన్నెండు మంచాల ఆసుపత్రి అది. డాక్టరమ్మ మద్రాసులో చదివి, ఒక ఏడాది తెల్లవాళ్ల సీమలో ఉండి వచ్చింది. గేటు మీద బోర్డు తెలుగులో, కన్నడంలో రాయించింది: నొప్పి లేని కాన్పు. ఆ బోర్డు చూసి మధుగిరి నుంచి, బళ్లారి నుంచి కూడా డబ్బున్నవాళ్లు వస్తున్నారు. ధర్మవరంలో నాలుగు మగ్గాలున్న అనసూయమ్మ కొడుకు నారాయణస్వామి, నెలలు నిండిన పెళ్లాన్ని రైల్లో పడుకోబెట్టుకుని తెచ్చింది కూడా దానికోసమే.

"దాని తొలికాన్పు మూడు దినాలు," అంది అనసూయమ్మ వక్క కొరుకుతూ. "రొద్దంలో వాళ్లమ్మగారింట్లో. నేను పోయుంటి. ఆ అరుపులు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉండాయి. ఈసారి ఎన్ని దుడ్లయినా కానీ, దాన్ని అట్ల అరవనియ్యగూడదని చెప్పినా మావానికి." మాట నిజమే. వచ్చిన దినం నుంచి కోడలి తల తానే దువ్వుతోంది, శొంఠి తానే దంచుతోంది. "అవునమ్మే, ఆ సూదిలో ఏముంటాది?"

"నల్లమందులో నుంచి తీసిన సారమంటమ్మా. ఇంకా ఏదో కలుపుతారు."

అనసూయమ్మ గట్టిగా నవ్వింది. "ఓసి, అదేనా! దానికి సీమకు పోవాల్నా? మా మగ్గాల వీధిలో పాలుదాగే బిడ్డలందరికీ అదే కదా. ఆవగింజలో సగం నాలికకు రాస్తే, తల్లి పొద్దు తిరిగేదాకా మగ్గానికి పట్టు కండెలు చుట్టుకోవచ్చు."

దాసమ్మ కూడా నవ్వింది. సోమందేపల్లి పక్కన ఆమె మంత్రసానితనం చేసిన పల్లెల్లో నాట్లకు పోయే తల్లులూ అంతే చేసేవాళ్లు.

పేలికలు మడిచి లేవబోతుంటే అనసూయమ్మ ఆమె చేయి పట్టుకుంది. దాసమ్మ ఉలిక్కిపడింది. ఈ ఆసుపత్రిలో నాలుగేళ్లుగా ఎందరి పిల్లల్నో బయటికి తీసింది గానీ, ఇట్లాంటి ఇంటి ఆడవాళ్లెవరూ ఆమెను వాళ్లంతట వాళ్లు తాకలేదు.

"నాకొక పని చెయ్యాల దాసమ్మా. నన్ను ఆ గదిలోకి రానియ్యి."

"అయ్యో, కుదరదమ్మా. డాక్టరమ్మకు తెలిస్తే నన్ను గేటు అవతలికి నూకుతుంది. ఇంటోళ్లెవరూ ఆ దిక్కుకే రాకూడదు."

"నేనేం ముట్టుకోనే! తల బయటపడిన గడియ నాకు కావాల. మా ఇంట్లో అత్త నిలబడి, తల కనపడిన క్షణమే నిమ్మకాయ బయటికెయ్యాల. బయట తండ్రి గడియారం చూసి రాసుకోవాల. జాతకం దానిమీదనే కదా?"

"నేనే వేస్తానమ్మా."

"నువ్వేస్తే ఎట్లయితాది? మా వంశం బిడ్డ." ఆ మాట అన్నాక కూడా ఆమె చేయి వదల్లేదు. గొంతు తగ్గించింది. "తొలిబిడ్డకు గడియ తప్పినాది దాసమ్మా. ఆ పొద్దు రొద్దంలో ఎవురూ చూసుకోలేదు. తప్పుడు జాతకం రాయిస్తిమి. గండం ఉండాదని తెలియలేదు, శాంతి చేయించలేదు. ఎనిమిది నెలల బిడ్డ, పడుకున్నది పడుకున్నట్లే పోయింది. ఈ బిడ్డకు గూడా అట్ల కానిస్తానా నేను?"

ఆమె కళ్లు నీళ్లతో నిండాయి. దాసమ్మ తన చేతి మీదున్న ఆ పసుపు చేతిని చూసింది. కాన్పుగదిని ఆనుకుని నీళ్లు కాచే చిన్నగది ఉంది. మధ్య తలుపు లేదు, తెర మాత్రమే. ఆ గది కిటికీ బావి వైపు తెరుచుకుంటుంది.

"తెర వెనక నిలబడాల. తుమ్మినా దగ్గినా నా కూడు పోతాది," అంది.

మరునాడు పొద్దున నొప్పులు మొదలయ్యాయి.

కమలాక్షికి ఇరవై ఏళ్లు. పట్టుపోగు ఒరుసుకుని కుడిచేతి చూపుడువేలు మీద గీతలా గట్టిపడిన చర్మం. ఆ వేలితో మంచంపట్టె గీరుతూ, "నిజంగా నొప్పి తెలీదా అక్కా?" అంది.

"తెలీదు తల్లీ. నిద్రపోతావు. లేచేసరికి బిడ్డ పక్కనుంటాడు."

డాక్టరమ్మ ఆమె భుజానికి సూది వేసింది. దాసమ్మ నూనెలో ముంచిన దూది ఆమె చెవుల్లో పెట్టింది. నీలం కాగితం చుట్టిన దీపం కింద, ఒక ఇత్తడి గరిటె ఆమె ముఖం ముందు పట్టి చూపించింది. అరగంట తర్వాత అదే గరిటె మళ్లీ చూపించింది.

"ఇది చూసినావా తల్లీ ఇంతకుముందు?"

"ఇప్పుడే చూపిస్తివి కద," అంది కమలాక్షి మత్తుగా.

డాక్టరమ్మ ఇంకో సూది వేసింది. ఈసారి దువ్వెన. అరగంట తర్వాత దువ్వెన చూసి కమలాక్షి కొత్త వస్తువు చూసిన పిల్లలా నవ్వింది. "ఎవరిది ఇది?"

"చాలు. ఇక కట్టు," అంది డాక్టరమ్మ. ఈ మందు పనంతా అదే. ముందు జ్ఞాపకం పోవాలి. జ్ఞాపకం పోయిందని తేలేదాకా గరిటెలు, దువ్వెనలు చూపిస్తూనే ఉండాలి.

దాసమ్మ పట్టుపేలికలతో మణికట్లు కట్టింది. కళ్ల మీద నల్లగుడ్డ వేసింది. ఇక అరుపులు మొదలయ్యాయి.

కొత్తలో ఒకసారి దాసమ్మ అడిగింది, నొప్పి లేదంటారు కదమ్మా, మరి ఇట్లా అరుస్తారే అని. "గుర్తులేని నొప్పి నొప్పి కాదు దాసమ్మా," అంది డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ. "రేపు లేచి హాయిగా ఉందంటుంది. నీకెందుకు బాధ?" నిజంగానే మరునాడు అందరూ హాయిగా ఉందనేవాళ్లు. దాసమ్మకు ఎదురు చెప్పే చదువు లేదు. కానీ మంచం కోళ్లు ఊగుతున్నప్పుడల్లా అనుకునేది, మరి ఇప్పుడు అరుస్తున్నది ఎవరు?

అరుపు ఒక్కటే కాదు, మాటలు కూడా వచ్చేవి. ఒక సాహుకారు భార్య అత్తగారి కమ్మలు తాను దాచిన చోటు చెప్పింది. ఒక తాలూకా ఆఫీసరు భార్య మొగుణ్ని పేరు పెట్టి తిట్టిన తిట్లు దాసమ్మ సంతలో కూడా వినలేదు. ఇంటివాళ్లను ఆ దిక్కుకు రానివ్వకపోవడం అందుకే.

ఒంటిగంటకు డాక్టరమ్మ ముందు వార్డుకు పోయింది. దాసమ్మ వెనక తలుపు గొళ్లెం తీసి, అనసూయమ్మను తెర వెనక నిలబెట్టింది. కిటికీ అవతల బావిగట్టు దగ్గర నారాయణస్వామి చేతిగడియారం విప్పి అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాడు. అనసూయమ్మ చేతిలో పసుపు రాసిన నిమ్మకాయ.

మంచం దగ్గరికి వచ్చేసరికి కమలాక్షి తల అటూ ఇటూ విసురుతోంది. తెర సందులోంచి అనసూయమ్మ ముఖం కనిపించింది. కోడలి చేతులు కట్టేసి ఉండటం, ఆ కట్లు తన పట్టుచీరవే కావడం చూసి ఆమె నోరు తెరుచుకుంది.

"అత్తా! లేస్తాంది అది... మళ్లా లేస్తాంది..." కమలాక్షి అరిచింది.

"ఎవరూ లేయలేదు తల్లీ, గట్టిగా ముక్కు," అంది దాసమ్మ, ఆ మాట చెవికెక్కదని తెలిసీ.

"ఇంకా మూడు కండెలుండాయి. నేనేం చేసేది అత్తా? పెండ్లిచీరకు రేపే వస్తారంట. కండె లేకుంటే మగ్గం ఆగుతాది. మామ తిడతాడు." నొప్పి వచ్చి ఆమె నడుము విల్లులా లేచింది. అది దిగేదాకా అరిచింది. దిగాక, చాడీ చెప్పే పిల్లలా గొంతు చిన్నది చేసుకుని చెప్పింది. "మళ్లా నేనే పెట్టినా. పొద్దున నువ్వు పెట్టిపోయినాక మధ్యాన్నం నేను పెట్టినా. దూలం మీది డబ్బీ తీసినా. సగం ఆవగింజ కాదు. పెసరగింజంత. నా వేలు చప్పరించింది అత్తా. బాగుండాదని చప్పరించింది."

దాసమ్మ చేతిలోని తడిగుడ్డ ఆగిపోయింది. మొదట ఆమెకు అర్థం కాలేదు. తర్వాత అయింది. తెర వైపు చూడటానికి ధైర్యం చాలక, చేతిలో ఉన్న గుడ్డతో కమలాక్షి నోరు అదిమింది. కమలాక్షి ఆమె బొటనవేలు పళ్లతో కొరికింది. వేలు లాక్కునేసరికి మళ్లీ మాటలు.

"మూడు కండెలూ చుట్టినా. పాలు వచ్చి రవిక తడిసింది. లేపండి దాన్ని! ఎంతసేపు పండుకుంటాది? పాలు కారిపోతాండాయి, లేపండి!"

డాక్టరమ్మ అడుగుల చప్పుడు వినిపించింది. ఆ తర్వాత అంతా పని. వేడినీళ్లు, కత్తెర, దారం. డాక్టరమ్మ వంగి, "వస్తోంది, తొడ పట్టు," అంది. నల్లటి తల బయటపడింది. దాసమ్మ తెర వైపు చూసింది. అనసూయమ్మ చేయి కిటికీ ఊచల దాకా లేచి ఉంది. నిమ్మకాయ ఇంకా చేతిలోనే ఉంది. ఆమె చూపు బిడ్డ తల మీద లేదు, కోడలి నోటి మీద ఉంది. భుజాలు బయటపడ్డాయి. బొడ్డు కోయడం కూడా అయింది. అప్పుడు నిమ్మకాయ దానంతటది జారినట్టు అవతల పడింది.

మగబిడ్డ. నీలంగా ఉన్నాడు, ఏడవలేదు. ఈ సూది బిడ్డలు చాలామంది అంతే, తల్లి మత్తు వాళ్లకూ ఎక్కుతుంది. దాసమ్మ కాళ్లు పట్టి తలకిందులు చేసి, అరికాళ్ల మీద కొట్టింది. గోరువెచ్చటి నీళ్లలో ఒకసారి, చన్నీళ్లలో ఒకసారి ముంచింది. మళ్లీ కొట్టింది. పడుకున్నవాడు పడుకున్నట్టే ఉన్నాడు. తెర వెనక నుంచి ఒక మూలుగు వచ్చింది. డాక్టరమ్మ తలెత్తబోయింది, అంతలో బిడ్డ పిల్లికూనలా కీచుమన్నాడు.

"చాలా బాగా జరిగింది," అంది డాక్టరమ్మ.

కమలాక్షి సాయంత్రానికి లేచింది. పక్కన చూసుకుంది, పొట్ట తడుముకుంది. "అయిపోయిందా! ఎప్పుడు?" అంది. నవ్వింది. దాసమ్మ అంతవరకు ఎందరి ముఖాల మీదో ఆ నవ్వు చూసింది. ఈసారి చూడలేక దుప్పటి సర్దింది.

"మొగబిడ్డ తల్లీ."

"నాకేం తెలియలేదక్కా. దేవుని సాక్షి, చీమ కుట్టినట్లు గూడా లేదు." తర్వాత మణికట్టు తిప్పి చూసుకుంది. ఎంత పట్టయినా పచ్చటి చర్మం మీద చిన్న ఎర్రటి గీత మిగిలింది. "ఇదేమి?"

"గాజులు ఒత్తుకున్నట్లుండాయి."

అనసూయమ్మ బిడ్డను ఒళ్లో పెట్టుకుని గది మూల కూర్చుంది. ఆ పూట ఆమె కోడలితో మాట్లాడలేదు. మరునాడూ మాట్లాడలేదు. మూడోనాడు పాలు పడినప్పుడు కమలాక్షి చేతులు చాపితే, "మందు పాలు. బిడ్డకు పనికిరావు," అంది. మేకపాలలో గుడ్డవత్తి ముంచి తాగించింది. డాక్టరమ్మ వచ్చి, తల్లిపాలే ఇవ్వాలని గట్టిగా చెప్పినప్పుడు మాత్రం బిడ్డను అందించింది. అందించి, మంచం అంచున కూర్చుని, కోడలి చేతులనే చూస్తూ కూర్చుంది. బిడ్డ రొమ్ము వదిలిన మరుక్షణం తీసేసుకుంది. తల దువ్వడం మానేసింది. కారం, నెయ్యి మాత్రం వేళకు పెట్టింది, పళ్లెం దూరంగా పెట్టి చేత్తో నూకేది.

ఆరోనాడు అనసూయమ్మ స్నానానికి పోయినప్పుడు కమలాక్షి అడిగింది.

"అక్కా, మొగబిడ్డను కంటే అత్త ముఖం ఎట్లుండాల? ఎట్లుండాదో చూసినావా? నేనేం తప్పు చేసినా?"

"ముసలామె. నిద్ర లేదు కదా."

"పక్క మంచం నల్లమ్మ చెప్తాంది, ఈ సూదికి మనుషులు ఏదేదో మాట్లాడతారంట కదా. నేనేమన్నా అన్న్యానా?"

దాసమ్మ పళ్లెంలోని దూది ఉండలు లెక్కపెడుతున్నట్టు వేళ్లతో కదిపింది. చెబితే ఏమవుతుంది? ఆరోనాటి బాలింత. పాలు ఎండిపోవచ్చు, జ్వరం రావచ్చు, దూకడానికి బావి దగ్గరే ఉంది. రోగికి ఏమీ చెప్పకూడదని డాక్టరమ్మ ఆజ్ఞ. చెబితే తెర సంగతీ చెప్పాలి.

"లేదు తల్లీ. రాయి మాదిరి నిద్రపోయినావు."

కమలాక్షి ఊపిరి వదిలింది. ఆ ఊపిరి ఎంత లోతు నుంచి వచ్చిందో దాసమ్మ ఒక్కతికే తెలుసు. "మంచిదాయె," అంది కమలాక్షి. ఆ పూట అన్నం ఇంకొంచెం వడ్డించుకుంది.

ఎనిమిదోనాడు బావి దగ్గర దాసమ్మ గుడ్డలు పిండుతుంటే నారాయణస్వామి వచ్చి నిలబడ్డాడు. మగ్గం ముందు కూర్చునే మనిషి, పొడుగ్గా, నడుము కొంచెం వంగి ఉంటాడు.

"మాయమ్మ ఒక మాట చెప్తాంది," అన్నాడు. "ఆ పొద్దు మాయమ్మ లోపలుండె కదా?"

"మీరే కదప్పా నిమ్మకాయ ఏరుకున్నది."

"నిమ్మకాయ కిటికీలోంచి వచ్చె. వేసింది ఎవరో నేను చూల్లేదు." అతను తల వంచుకునే మాట్లాడుతున్నాడు. "మాయమ్మ చెప్పేది నిజమైతే నేను ఆ మనిషిని ఇంటికి తీసకపోలేను దాసమ్మా. ఆ పాపను ఊయల్లో ఊపింది నేను. నిజం కాకుంటే..." చేద తాడు చేతికి తీసుకున్నాడు. "లోపల ఎవరూ లేరని ఒక్కమాట చెప్పు, సాలు నాకు."

గుడ్డ పిండుతూ దాసమ్మ అతని పాదాల వైపు చూసింది. "లోపల నేను, డాక్టరమ్మ. అంతే," అంది.

అతను తలాడించాడు. బావి నుంచి ఒక చేద నీళ్లు తోడి, అడక్కుండానే ఆమె తొట్టిలో పోసి పోయాడు.

పదోనాడు పొద్దున కమలాక్షి తండ్రి పెద్దప్ప రొద్దం నుంచి వచ్చాడు. మనవనికి వెండి మొలతాడు తెచ్చాడు. డాక్టరమ్మ గదిలో అందరూ ఉన్నారు. ఇంటికి పోతూ సెలవు తీసుకోవడానికనుకున్నాడు ఆయన. కమలాక్షి తల మీద కొంగు వేసుకుని, గోడ పట్టుకుని వచ్చి ముక్కాలిపీట మీద కూర్చుంది. దాసమ్మ తలుపు దగ్గర నిలబడింది.

"అన్నా, నీ కూతురిని నువ్వు తీసకపో," అంది అనసూయమ్మ. బిడ్డ ఆమె ఒళ్లోనే ఉన్నాడు. "బిడ్డ మాతో వస్తాడు. మా వీధిలో సుంకమ్మ బాలింత, ఆయమ్మ పాలిస్తాది."

పెద్దప్ప నవ్వబోయి ఆగిపోయాడు. "అదేం మాటమ్మా?"

అనసూయమ్మ చెప్పింది. గొంతు పెంచలేదు. డబ్బీ, పెసరగింజ, మూడు కండెలు, అన్నీ వరుసగా చెప్పింది. "మా ఇంట్లో నేనిద్దరు బిడ్డల్ని సాకినా. మా అత్త నలుగుర్ని సాకింది. అందరం పెట్టినోళ్లమే. చెయ్యి కొలత తెలిసి పెట్టినాం. ఇది తన కండెల కోసం బిడ్డను పండుకోబెట్టేసింది. మూడేండ్లు నా ఎదుట అన్నం తిన్నాది, జాతకం తప్పని నేను ఏడుస్తాంటే నా కండ్లు తుడిచింది."

"నీకు ఈ మాట చెప్పిందెవరు?" అని అడిగింది డాక్టరమ్మ, పెన్ను కింద పెట్టి.

"అదే చెప్పింది. సూదిలో. నా చెవులతో విన్న్యా."

"నువ్వు కాన్పుగదిలో ఉన్నావా? ఎవరు రానిచ్చారు?"

ఆ ప్రశ్న అనసూయమ్మకు వేసిందే గానీ డాక్టరమ్మ చూపు తలుపు దగ్గరికి వచ్చింది. నారాయణస్వామి కూడా తలెత్తాడు. దాసమ్మ ఒక అడుగు లోపలికి వేసింది.

"ఎవరూ రాలేదమ్మా. వెనక గొళ్లెం నేనే పెట్టినా. నిమ్మకాయ గూడా నేనే వేసినా. ఆయమ్మ నన్ను వెయ్యమనింది."

అనసూయమ్మ ఆమెను చూసింది. కోపం కంటే అసహ్యం ఎక్కువ ఉంది ఆ చూపులో. తాను పట్టుకున్న చేయి అది. "ఏసుప్రభువును నమ్ముకున్నదానివి కదే నువ్వు," అంది దాసమ్మ మెడలోని సిలువను చూస్తూ.

"ఆ మందులో ఏం మాట్లాడినా అర్థం ఉండదు," అంది డాక్టరమ్మ గడియారం చూసుకుంటూ. "అసలు నువ్వు లోపలికే రాలేదంటోంది మా మనిషి. ముసలితనంలో, మనవరాలు పోయిన బాధలో ఏదో ఊహించుకున్నావు. తల్లీబిడ్డలను విడదీయకండి. బిడ్డ బలహీనంగా ఉన్నాడు, తల్లిపాలు కావాలి."

గదిలో గాలి కొంచెం కదిలినట్టయింది. పెద్దప్ప పైగుడ్డతో ముఖం తుడుచుకుని, "నేననుకోలా, ఏదో పొరపాటని," అన్నాడు. నారాయణస్వామి తల్లి వైపు చూడకుండా లేచాడు. గోడ వారన పెట్టిన పెళ్లాం మూట చేతికి తీసుకున్నాడు. తల్లి దగ్గరికి పోయి, "బిడ్డను ఇయ్యిమా," అని వంగాడు. అనసూయమ్మ చేతులు ఒకసారి బిగుసుకుని, మెల్లగా వదులయ్యాయి. కొడుకు బిడ్డను ఎత్తుకుని పెళ్లాం వైపు తిరిగాడు.

కమలాక్షి చేతులు చాపలేదు. ఆమె అప్పటిదాకా అత్త ముఖమే చూస్తోంది. ఏడవడం లేదు, భయపడుతున్నట్టు కూడా లేదు. లెక్క తెగని మనిషిలా ఉంది. రాయి మాదిరి నిద్రపోయింది తాను. గదిలో ఎవరూ లేరు. దూలం మీది ఆ డబ్బీ తీసిన మధ్యాహ్నం ఇంట్లో కూడా ఎవరూ లేరు.

"డబ్బీ సంగతి నీకు ఎవరు చెప్పినారత్తా?" అంది.

బయట ఎక్కడో తొట్టిలోకి నీళ్లు పడుతున్న చప్పుడు. నారాయణస్వామి బిడ్డను మళ్లీ అనసూయమ్మ ఒళ్లో పెట్టాడు. చేతిలోని మూటను ఎక్కడ పెట్టాలో తెలియక పెద్దప్ప కాళ్ల దగ్గర పెట్టి, బయటికి పోయాడు.

కమలాక్షి అప్పటికి దాసమ్మ వైపు తిరిగింది. ఆ చూపును తప్పించుకోవడానికి దాసమ్మకు గదిలో ఏ పనీ దొరకలేదు.

"ఇవి మీ ఇంటి సంగతులు," అంది డాక్టరమ్మ లేస్తూ. "పన్నెండుకల్లా మంచం ఖాళీ చేయాలి, బళ్లారి వాళ్లొస్తున్నారు. దాసమ్మా, ఆ చిన్నగది తాళం ఇకమీద నా దగ్గర ఉంటుంది. ఈ పిల్ల రొమ్ములు గట్టిగా కట్టు, లేకపోతే గడ్డలు కడతాయి. పెనుకొండ దాకా తోడు పోయి సాయంత్రం బండికి వచ్చెయ్."

హిందూపురం నుంచి ధర్మవరానికి పోయే బండే పెనుకొండ మీదుగా పోతుంది. ఆ పూటకు వేరే బండి లేదు. అనసూయమ్మ, కొడుకు ముందర పెట్టెలో ఎక్కారు. పెద్దప్ప కూతుర్ని వెనక ఆడవాళ్ల పెట్టెలో ఎక్కించి, తాను పక్కదాంట్లో ఎక్కాడు. వెండి మొలతాడు ఆయన జేబులోనే ఉంది. ఇవ్వడానికి పోయి, బిడ్డ పడుకున్నాడంటే తిరిగి వచ్చాడు.

ఎండ. బొగ్గు నుసి కిటికీలోంచి వచ్చి చెమట మీద అంటుకుంటోంది. కమలాక్షి బల్ల మూల, కట్టిన రొమ్ముల మీద చేతులు అడ్డంగా పెట్టుకుని కూర్చుంది. మలుగూరులో బండి ఆగినప్పుడు ముందర పెట్టెలోంచి బిడ్డ ఏడుపు వినిపించింది. ఆమె కట్టు తడిసింది, తడి రవికలోకి పాకింది. బండి కదిలాక ఏడుపు చక్రాల చప్పుడులో కలిసిపోయింది.

"నన్ను కొట్టు తల్లీ," అంది దాసమ్మ. "నేను నీకు ముందే చెప్పుంటే..."

"ఏమని చెప్తాంటివి?"

దాసమ్మ ఆమె తడిసిన రవిక మీదికి కొంగు లాగింది.

"ఇప్పుడు చెప్పు," అంది కమలాక్షి. "నా కాన్పు చెప్పు. మొదటి నుంచి. నిద్రపోయినావని మాత్రం చెప్పొద్దు."

దాసమ్మ చెప్పింది. ఎన్ని గంటలకు మొదలైంది, ఎన్నిసార్లు నడుము లేచింది, తల ఎక్కడ కొట్టుకుంది. చేతులు ఎట్లా కట్టింది. వాళ్లమ్మను ఎన్నిసార్లు పిలిచింది. తన బొటనవేలు చూపించింది, గోటి కింద పంటిగాటు ఇంకా నల్లగా ఉంది. కమలాక్షి ఆ వేలు పట్టుకుని, పరాయి మనిషి చేసిన గాయాన్ని చూసినట్టు చూసింది. డబ్బీ మాటలు కూడా దాసమ్మ దాచలేదు. తల బయటపడటం చెప్పింది. వాడు ఏడవకపోవడం, చన్నీళ్లలో ముంచడం, చివరికి కీచుమనడం చెప్పింది.

కమలాక్షి అంతా విన్నది. పక్కింటి కోడలి కాన్పు గురించి విన్నట్టు విన్నది.

"తొలిదానికి మూడు దినాలు పడితి కదా," అంది. "ప్రతి నొప్పీ గుర్తుండాది. అది పోయినాక, రాత్రిళ్లు నిద్ర పట్టకుంటే అవే తలుచుకుంటా పండుకుంటి. నాదనేదానికి అవన్నా ఉండె." దాసమ్మ వైపు తిరిగింది. "వీనికి నొప్పి ఎట్లుండె అక్కా?"

దాసమ్మ పుట్టించిన బిడ్డలను చెప్పగలదు, అరుపులను చెప్పగలదు.

"అది నాకు తెలీదు తల్లీ. నేను అరుపులు విన్న్యా, అంతే. నొప్పి నీది."

"నాది గూడా కాదే," అంది కమలాక్షి.

పెనుకొండ వచ్చింది. పెద్దప్ప వచ్చి మూట అందుకుని, చేయి పట్టి దించాడు. రొద్దం బండి బయట చింతచెట్టు కింద ఉందన్నాడు. కమలాక్షి కదలలేదు. ప్లాట్‌ఫారం మీద నిలబడి, రెండు చేతులూ పొత్తికడుపు మీద పెట్టి గట్టిగా అదిమింది. ఇంకా కింద, ఇంకా గట్టిగా అదిమింది. ఎక్కడో ఒకచోట దొరుకుతుందేమోనని వెతుకుతున్నట్టు, వేళ్లు తెల్లబడేదాకా అదిమింది.

"ఏమ్మా, నొస్తాండాదా?" అన్నాడు పెద్దప్ప.

"లేదు నాయనా," అంది.

బండి కూతవేసి ధర్మవరం వైపు కదిలింది.